పద్నాలుగో స్లైడు తర్వాత

"అంతా నేను రాసేశానమ్మా, నువ్వు కొంచెం అందంగా చేసిస్తే చాలు" అన్నాడు మేనేజరు, పెన్‌డ్రైవ్ ఆమె బల్లమీద పెడుతూ.

అంతా రాసేశాడంటే ఏమిటో ఆమెకి పదకొండేళ్ళుగా తెలుసు. అరవై రెండు స్లైడులు. స్లైడుకో పేజీడు మేటరు. ఆ మేటరులో సగం పోయినేడు మీటింగులోది, పావువంతు ఇంకో కంపెనీ వెబ్‌సైటులోంచి ఎత్తుకొచ్చింది, మిగిలిన పావువంతులో అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు. నాలుగో స్లైడులో నలభై శాతం అన్నది పదకొండో స్లైడుకొచ్చేసరికి యాభై రెండై కూర్చుంటుంది. అక్షరాలు ఒకచోట చీమతలకాయంత, ఇంకోచోట గుమ్మడికాయంత. ఈ గందరగోళంలోంచి ఆయన అసలు ఏం చెప్పదలచుకున్నాడో ఆమె వెతికి పట్టుకోవాలి, ఆ సంగతి ఆయనకే తెలియకపోయినా సరే. దాన్ని పద్నాలుగు స్లైడుల్లోకి దించాలి. అంకెలు సరిచూడాలి. పట్టికల్ని చూడగానే అర్థమయ్యే బొమ్మలుగా మార్చాలి. ఏ మాట ఎప్పుడు తెరమీదికి రావాలో, ఏది ఆయన నోటితో అన్నాకే కనబడాలో చూసుకోవాలి. చివరికి ఆయన నిలబడి ఏం మాట్లాడాలో స్లైడు కింద నోట్సులో వాక్యం వాక్యంగా రాసి పెట్టాలి. ఇంతా చేస్తే దాని పేరు 'అందంగా చెయ్యడం'. ఆఫీసులో అందరూ ఆమెని ముద్దుగా మేకప్ మేడం అంటారు. ముద్దేమిటో, ఎవరికి ముద్దో!

ఇంటికెళితే అక్కడా ఇదే వరస. భర్త కాలేజీలో కామర్స్ లెక్చరర్. ఆయన పాఠాలకీ, సెమినార్లకీ స్లైడులు చేసేది ఆమే. "నీకు చేతికి అలవాటైన పనేగా, ఓ అరగంట" అంటాడు. ఆ అరగంటలు ఎప్పుడూ ఆదివారం మధ్యాహ్నాలనే మింగేవి. ఒకసారి ఆమె నోట్సులో ఒక వాక్యం రాసింది, 'కొనేవాళ్ళు వస్తువుని కొనరు, తమ తీరికని కొనుక్కుంటారు' అని. ఆయన దాన్ని సెమినార్లో చెప్పి, చప్పట్లు కొట్టించుకుని వచ్చి, భోజనాల దగ్గర అదే వాక్యాన్ని ఆమెకి అర్థమయ్యేలా విడమరిచి చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని "బాగుందండీ" అంది. బాగుందిగా మరి! స్నేహితులొస్తే "మా ఆవిడ టైపింగులో దిట్ట" అని గర్వంగానే చెబుతాడు. అత్తగారికైతే మొదట్నుంచీ ఒకటే సందేహం. "ఆ బొమ్మల్ని అటూ ఇటూ జరిపినందుకు నెలనెలా జీతమిస్తారా అమ్మాయ్?"

ఆమె పనిచేసేది గిన్నెలు కడిగే మెషీన్లు తయారుచేసే కంపెనీలో. కొత్త మోడల్ రాబోతోంది. బజారులోకి వదిలేముందు ముప్పై ఇళ్ళల్లో రెండు నెలలపాటు ఉంచి చూడటం అక్కడి పద్ధతి. ఉద్యోగుల ఇళ్ళు, వాళ్ళ చుట్టాల ఇళ్ళు. రెండు నెలలయ్యాక ఒక ఫారం నింపి ఇవ్వాలి. ఫారం అడుగున 'గృహయజమాని సంతకం' అని ఉంటుంది. ఇంక చెప్పేదేముంది! ముప్పై ఫారాల్లో ఇరవై ఆరు మగవాళ్ళే నింపారు. ఆమె ఇంటి ఫారం కూడా భర్తే నింపాడు, కళ్ళజోడు తుడుచుకుని, కాళ్ళు చాపుకుని, తీరిగ్గా. మెషీన్ వాడకం ఎలా ఉంది? చాలా సుఖంగా ఉంది. శ్రమ తగ్గిందా? పూర్తిగా. గిన్నెల పనికి రోజుకి ఎంతసేపు పడుతోంది? తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది ఎక్కడిదని ఆమె అడిగితే "మీ బ్రోషరులోనే ఉందిగా" అన్నాడు. బ్రోషరులోకి ఎక్కడినుంచి వచ్చిందని మేనేజర్ని అడిగితే "ఇళ్ళవాళ్ళే చెప్పారమ్మా, కావాలంటే ఫారాలు చూసుకో" అన్నాడు.

ఆమె ఒక వారం ఫోన్‌లో టైము పెట్టుకుని చూసింది. పళ్ళాలకి అంటుకున్నది గీకడానికి ఆరు నిమిషాలు. మాడినవి మెషీన్‌కి లొంగవు కాబట్టి చేత్తో తోమడానికి పదకొండు. లోపల సర్దడానికి ఏడు, ఇంట్లోవాళ్ళు అడ్డదిడ్డంగా పడేసినవి తీసి మళ్ళీ సర్దడానికి నాలుగు. ఫిల్టరు కడగడానికి ఐదు, తడి ఆరనివి తుడవడానికి ఎనిమిది, అరల్లో పెట్టడానికి ఆరు. మొత్తం నలభై ఏడు. దీన్నొక స్లైడుగా చేసి మేనేజరుకి చూపించింది. "ఇది తీసెయ్యమ్మా, నెగెటివ్‌గా ఉంది" అన్నాడు. మాటలు మార్చి మళ్ళీ చూపించింది, రంగులు మార్చి మళ్ళీ చూపించింది. నాలుగోసారి ఆయన స్లైడు వైపు కూడా చూడలేదు. "తీసెయ్యమన్నానా!" అన్నాడు.

తీసెయ్యమన్న స్లైడుని ఆమె ఎప్పుడూ తీసెయ్యదు. ఈరోజు తీసెయ్యమన్న మనిషే ఎల్లుండి "ఆ స్లైడేదమ్మా?" అని వెతుక్కుంటాడు. అందుకని హైడ్ చేసి చివర పెడుతుంది. అలా హైడ్ చేసినవి ఫైల్లోనే ఉంటాయి, తెరమీదికి మాత్రం రావు. మొదట్లో ఇదంతా జాగ్రత్త కోసమే. రానురాను అదొక అలవాటైపోయింది. ఏ ఫైలు చేసినా చివర్న రెండో మూడో స్లైడులు హైడ్ చేసి, అక్కడ తన మాట రాసుకునేది. మేనేజరు చెబుతున్న అంకెలో తప్పెక్కడుందో, కొనే మనిషి అసలు ఏం అడుగుతుందో, తనకైతే ఏమనిపించిందో. ఎవరికోసం రాస్తోందో ఆమెకే తెలియదు. కానీ అక్కడ కూడా ఫాంటు సరిగ్గా పెట్టేది, అంచులు కలిపేది, రంగులు కుదిర్చేది. నిజానికి రోజు మొత్తంలో తనకీ ఒక బుర్ర ఉందని ఆమెకి గుర్తొచ్చేది ఆ నాలుగు గీతల మధ్యనే.

ఈసారి ఫైల్లో కాస్త ఎక్కువే రాసింది. దానికి కారణం ఉంది. ఇదే తన ఆఖరి ఫైలు అనుకుంది.

పోయిన ఆదివారం భర్త పిలిచి చెప్పాడు. "అందరం కూర్చుని ఆలోచించాం. నెలాఖరుకి నువ్వు ఉద్యోగం మానేద్దువుగాని." అందరూ కూర్చున్నప్పుడు ఆమె నిలబడి ఉంది, పొయ్యి దగ్గర. అత్తగారికి రెండో కంటికి ఆపరేషన్ ఉందట. అమ్మాయికి పెద్ద పరీక్షలట. ఇల్లు ఒక పద్ధతిలో ఉండటం లేదట. "నువ్వు అక్కడ చేసేదేముంది చెప్పు, ఎవరో రాసినదానికి రంగులెయ్యడమేగా. ఇంట్లో ఉండి నాకు చేసిపెట్టు" అన్నాడు, వరమిస్తున్నట్టుగా. మర్నాడు పొద్దున్నకల్లా రాజీనామా ఉత్తరం కూడా ఆయనే టైపు చేసి ఆమె ఫోనుకి పంపించాడు. "మార్జిన్లు కొంచెం అటూ ఇటూ అయ్యాయి, సరిచేసి ప్రింటు తీసుకో. నీకు బాగా వచ్చుగా." ఆమె సరిచేసింది. ఆఖరికి తన రాజీనామాకి కూడా తనే మేకప్ వేసుకుంది. ప్రింటు తీసి, సంతకం పెట్టి, మడిచి బ్యాగులో పెట్టుకుంది. శుక్రవారం డైరెక్టర్ల మీటింగు అయ్యాక ఇద్దామనుకుంది. 'సరే' అనడం ఆమెకి ఎంత అలవాటైపోయిందంటే, అన్నాక గానీ తను ఆ మాట అన్నానని తెలియలేదు. తెలిశాక మాత్రం కడుపులో ఏదో బరువు దిగి అక్కడే ఉండిపోయింది. అప్పట్నుంచీ తింటున్నా ఉంది, నవ్వుతున్నా ఉంది.

గురువారం సెలవు పెట్టి అత్తగార్ని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. భర్తకి క్లాసు ఉందట. కంట్లో చుక్కలు వేసి అరగంట కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. ఆపరేషన్ దాకా ఇంట్లోనూ పొద్దునా సాయంత్రం చుక్కలు వెయ్యాలన్నారు. అత్తగారు చిన్నపిల్లలా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వు పక్కన ఉంటే నాకు ధైర్యమమ్మాయ్. వాడొస్తే నాకంటే వాడే ఎక్కువ కంగారుపడతాడు" అంది. అదిగో, అక్కడే వస్తుంది చిక్కు. చెడ్డవాళ్ళయితే ఒక మాట అనేసి పోవచ్చు. ఇలా నమ్మకంగా చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవడం ఎలా? సరిగ్గా అప్పుడే మేనేజరు ఫోను. "ప్రింట్లు నేనే తీసేశానమ్మా! బైండింగు కూడా చేయించేశా, పన్నెండు కాపీలు. చూశావా, నువ్వు లేకపోతే పనులు ఆగుతాయా ఏమిటి!" అని గొప్పగా నవ్వాడు. అత్తగారు చేతిరుమాలు అడుగుతోంది. "మంచిదండీ" అనేసి ఫోను పెట్టేసింది.

ఆ ప్రింట్లు పెద్దాయన కోసం. పెద్దాయన అంటే కంపెనీ యజమాని, డెబ్భై దాటిన మనిషి. తెరమీద ఏం చూపించినా ఆయనకి గిట్టదు, చేతిలో కాగితం ఉండాల్సిందే. అందుకని ప్రతి మీటింగుకీ ఆమె ప్రింట్లు తీసి పెట్టేది. తీసేముందు ప్రింటు పేజీలో ఒక చిన్న టిక్కు తీసెయ్యాలి. తియ్యకపోతే హైడ్ చేసిన స్లైడులు కూడా బుద్ధిగా ప్రింటవుతాయి. ఆ టిక్కు ఒకటుందనీ, దాన్ని తీసెయ్యాలనీ ఆ ఆఫీసు మొత్తానికి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

శుక్రవారం పొద్దున్న మీటింగు గదిలోకి అడుగుపెట్టి, కుర్చీల ముందు వరసగా పెట్టిన కాపీల్ని సర్దబోయి, ఒకటి చేతిలోకి తీసుకుంది. మందంగా తగిలింది. పేజీకి రెండు స్లైడుల చొప్పున పద్నాలుగుకి ఏడు కాగితాలుండాలి. వేళ్ళు వాటంతటవే లెక్కపెట్టాయి. తొమ్మిది ఉన్నాయి. తిప్పి చూసింది. ఎనిమిదో కాగితంమీద నలభై ఏడు నిమిషాల పట్టిక, దాని కింద తొమ్మిది నిమిషాలకి పొట్టి ఆకుపచ్చ గీత, నలభై ఏడుకి పొడుగాటి ఎర్ర గీత. తొమ్మిదో కాగితంమీద ముప్పై ఫారాల్లో ఇరవై ఆరు ఎవరు నింపారో. ఆఖర్న, పెద్ద అక్షరాలతో, చక్కగా మధ్యలోకి అలైన్ చేసి:

'మా ఇంటి ఫారం నింపినది: మా ఆయన. ఈ రెండు నెలల్లో మా ఆయన ఈ మెషీన్ తలుపు తెరిచింది: మూడుసార్లు. అందులో ఒకసారి చెంచా కోసం.'

గడియారం చూసింది. ఇంకా ఇరవై నిమిషాలుంది. తలుపు దగ్గరికి వేసి, ఆఖరి రెండు కాగితాలూ చింపడం మొదలుపెట్టింది. స్ప్రింగు బైండింగు కదా, చింపితే అంచున పళ్ళు పళ్ళుగా మిగిలిపోతున్నాయి. ఆ పళ్ళు కూడా ఏరుతోంది, ఇంత కంగారులోనూ అసహ్యంగా కనబడకూడదని! నాలుగు కాపీలు అయ్యాయి. ఐదోది తియ్యబోతుంటే తలుపు తెరుచుకుని పెద్దాయన లోపలికొచ్చారు. టైముకంటే ముందొచ్చి కూర్చోవడం ఆయనకి సరదా. "కానివ్వమ్మా, నీ పని నువ్వు చూసుకో" అంటూ తన కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న కాపీ తీసుకున్నారు. అది చింపనిది. పైగా పెద్దాయన ఏ కాగితమైనా వెనకనుంచే చదువుతారు. ముందు పేజీల్లో అందరూ సొంత డబ్బా కొట్టుకుంటారని ఆయన నమ్మకం.

ఆయన చదువుతున్నారు. ఆమె చింపిన కాగితాల్ని ఉండచుట్టి వెనక దాచుకుని గోడకి ఆనుకుని నిలబడింది. ఒకసారి ఆయన కళ్ళజోడు పైకెత్తుకున్నారు. ఒకసారి పేజీ వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకొచ్చారు. ఈలోగా మేనేజరు, సేల్సు వాళ్ళిద్దరు, మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు.

"ఇదేమిటయ్యా?" అన్నారు పెద్దాయన, ఆఖరి పేజీ చూపించి.

మేనేజరు తీసి చూసుకున్నాడు. మొహంలో రక్తం దిగిపోయింది. కానీ పాతికేళ్ళ సర్వీసు ఊరికే పోతుందా, రెండు క్షణాల్లో తేరుకున్నాడు. "అబ్బే, అది డమ్మీ మేటరు సార్. టెంప్లేటులో అలా ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది. మా అమ్మాయి తీసెయ్యడం మర్చిపోయినట్టుంది." ఆమె వైపు తిరిగాడు. "అంతేనా అమ్మా?"

అవునండీ అంటే అయిపోతుంది. అందరూ నవ్వేస్తారు, పేజీలు తిప్పేస్తారు. ఈ సాయంత్రం ఉత్తరం ఇచ్చేస్తుంది, నెలాఖరుకి ఒక పూలగుత్తి ఇచ్చి పంపిస్తారు. పదకొండేళ్ళలో ఒక్క తప్పు చేసిందనీ, అదీ డమ్మీ మేటరనీ చెప్పుకుంటారు. కాదండీ అంటే నలుగురిలో మేనేజరు పరువు పోతుంది, ఇప్పుడే ఇక్కడే ఉద్యోగం పోతుంది. ఇంకో మాట కూడా ఆ క్షణంలో మనసులో మెదిలింది, దాచుకోవడమెందుకు. వీళ్ళే తీసేస్తే బాగుండు. అప్పుడు మానేసింది నేను కాదుగా, నేనేం ఒప్పుకున్నట్టు కాదుగా. అలా అనిపించినందుకు ఆమెకే సిగ్గేసింది. ఎంత పిరికిదానివే, అనుకుంది. తన నలభై ఏడు నిమిషాల్ని డమ్మీ మేటరు అంటున్నాడు ఈయన. ఇంట్లో ఆయనేమో రంగులెయ్యడం అన్నాడు. ఇప్పుడు తనూ తలూపితే ముగ్గురూ ఒకే మాటమీద ఉన్నట్టు.

"కాదండీ" అంది. "అది నేనే రాశాను. వారం రోజులు నేనే టైము చూశాను. ఫైల్లో హైడ్ చేసి పెట్టుకున్నాను, ప్రింటులో వచ్చేసింది."

ఆశ్చర్యం ఏమిటంటే, ఆమెకి భయం వెయ్యలేదు. ఐదు రోజులుగా కడుపులో కూర్చున్న బరువు ఎటుపోయిందో తెలియలేదు, ఒళ్ళంతా తేలికైంది. హమ్మయ్య అని పైకే అనబోయి ఆపుకుంది.

సేల్సు వాళ్ళలో ఒకాయన అందుకున్నాడు. "ఒక్క ఇంటి సంగతి పట్టుకుని..."

"ఒక్క ఇల్లే. నిజమేనండీ" అందామె. "మిగతా ఇరవై తొమ్మిది ఇళ్ళల్లో టైము ఎవరు చూశారు? ఫారాలు నింపినవాళ్ళలో ఇరవై ఆరుగురు మగవాళ్ళు. వాళ్ళకి ఫిల్టరు ఎక్కడుంటుందో అడిగి చూడండి."

పెద్దాయన మేనేజరు వైపు తిరిగారు. "మీ ఇంట్లోనూ పెట్టాంగా మెషీను? ఎక్కడుంటుందయ్యా ఫిల్టరు?"

మేనేజరు నీళ్ళు నమిలాడు. "అదీ... వెనకవైపు సార్. ఆ గొట్టం పక్కన."

"లోపల అడుగునుంటుందండీ. కింది అర బయటికి లాగితే కనబడుతుంది" అందామె. ఎంత వద్దనుకున్నా బల్ల చివర ఎవరో కిసుక్కుమన్నారు.

పెద్దాయన నవ్వలేదు. "నాకూ తెలియదులే" అన్నారు. ముప్పై ఏళ్ళుగా మెషీన్లు అమ్ముతున్న మనిషి ఆ మాట అంటుంటే ఎటు చూడాలో ఎవరికీ తోచలేదు. మళ్ళీ ఆఖరి పేజీ తీశారు. "ఇంతకీ మీ ఆయనకి చెంచా దొరికిందా?"

"లేదండీ. అది డ్రాయరులో ఉంది. నేనే తీసిచ్చాను."

అప్పుడు నవ్వారు అందరూ, పెద్దాయనతో సహా. నవ్వు ఆగాక ఆయన మళ్ళీ మొహం గంటు పెట్టుకున్నారు. "బ్రోషర్లు అచ్చయిపోయాయి తెలుసా? తొమ్మిది నిమిషాలని వేసి లక్ష కాపీలు. నీ సంగతి తర్వాత చూద్దాం, బయట కూర్చో" అన్నారు.

బయట వాటర్ కూలరు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ. అందులో కూర్చుంది. వస్తూపోతూ అందరూ ఆమెని చూస్తున్నారు. గంట గడిచింది. ఆ గంటలో ఆమెకి ఒక సంగతి బాగా తెలిసొచ్చింది. తనకి ఈ ఉద్యోగం కావాలి. ఇల్లు గడవడం కోసమనో, పొద్దుపోవడం కోసమనో కాదు. చిందరవందరగా ఉన్నదాంట్లోంచి అసలు సంగతి వెతికి పట్టుకుని నలుగురికీ కనబడేలా చెయ్యడం తనకి వచ్చు. వచ్చినదాన్ని చెయ్యడం తనకి ఇష్టం. ఇంత చిన్న మాట ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టిందా, అని తనమీద తనకే జాలేసింది. పోయాక తెలిసిందేమో అని బెంగ కూడా వేసింది. లేచి రెండు గ్లాసుల నీళ్ళు తాగి మళ్ళీ కూర్చుంది.

తలుపు తెరుచుకుని మేనేజరు వచ్చాడు, మొహం మాడ్చుకుని. ఎదురుగా నిలబడి, ఆమెని కాకుండా గోడని చూస్తూ చెప్పాడు. "ముప్పై ఇళ్ళకీ మళ్ళీ వెళ్ళాలట. నువ్వే వెళ్ళాలట. ప్రశ్నలు కూడా నువ్వే తయారు చేసుకోవాలట. అయ్యాక వచ్చే నెలాఖరు మీటింగులో నువ్వే నిలబడి చెప్పాలట."

విన్నది నిజమేనా అని ఒకసారి మనసులో మళ్ళీ చదువుకుంది. ఆపుకుందామన్నా ఆగకుండా నవ్వొచ్చేసింది.

"నవ్వు, నవ్వు" అన్నాడు ఆయన. "నాతో ముందే ఒక్క మాట చెప్పి ఉంటే..."

"నాలుగుసార్లు చెప్పాను సార్. తీసెయ్యమన్నారు."

ఆయన గొంతు తగ్గించాడు. "కానీ వచ్చే నెలంటే ఎలాగమ్మా? నువ్వు నెలాఖరుకి వెళ్ళిపోతున్నావని చెప్పాను పెద్దాయనతో. మీ ఆయన మంగళవారమే ఫోన్ చేశారుగా. ఆవిడకి చెప్పడానికి మొహమాటం, నేనే చెబుతున్నాను, ఇంకో మనిషిని చూసుకోండి అన్నారు."

మంగళవారం! ఆ మంగళవారం రాత్రి ఆయన మామూలుగానే తిని, మామూలుగానే టీవీ చూసి, మీ ఆఫీసులో ఏమిటి విశేషాలు అని కూడా అడిగాడు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. తన ఉత్తరం తనింకా బ్యాగులోంచి తియ్యనే లేదు, తన తరపున రాజీనామా మాత్రం అప్పుడే అయిపోయింది. కోపం వచ్చింది, చెవులు వేడెక్కేంత కోపం. కానీ ఆ కోపం వెనకాలే ఇంకేదో కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళని నొప్పించకుండా ఎలా చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఏ మూడ్‌లో ఉండగా చెప్పాలి అని ఎన్ని లెక్కలు వేసుకుంది! అవతలివాళ్ళు ఆ లెక్కలేమీ వెయ్యలేదు. ఇక తనూ వెయ్యక్కర్లేదు. అబ్బ, ఎంత హాయి!

"మానెయ్యడానికి ఆ ఉద్యోగం ఆయనది కాదు సార్" అంది. "నేను ఉంటాను. పెద్దాయనతో నేనే వెళ్ళి చెబుతాను."

వెళ్ళి చెప్పింది. బయటికొచ్చాక బ్యాగులో ఉత్తరం తీసి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చింపి, కూలరు పక్కనున్న చెత్తబుట్టలో పడేసింది. తర్వాత తన బల్ల దగ్గరికెళ్ళి కొత్త ఫైలు తెరిచింది. ఆ ఫైల్లో ఏదీ హైడ్ చెయ్యాల్సిన పనిలేదని తోచి, కాసేపు ఖాళీ తెరని చూస్తూ సంతోషంగా కూర్చుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భర్త ముందుగదిలో పేపర్లు దిద్దుతున్నాడు. అత్తగారు డాక్టరు ఇచ్చిన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని సోఫాలో కూర్చుంది. కూతురు లోపల చదువుకుంటోంది.

"ఏమైంది? చెప్పావా మేనేజరుకి?" అన్నాడు, తలెత్తకుండానే.

"మీరే చెప్పారటగా, మంగళవారం."

కలం ఆగింది. "అదీ... నీకు మొహమాటం కదా అని. నీ మంచి కోసమే. నువ్వు చెప్పలేవని నాకు తెలుసు కదా."

"చెప్పగలిగాను" అంటూ ఆమె ఎదురు కుర్చీలో కూర్చుంది. వంటింట్లోకి వెళ్ళలేదు. బ్యాగు ఒళ్ళోనే పెట్టుకుని జరిగిందంతా చెప్పింది. చెంచా సంగతి దగ్గర ఆయన మొహం ఎర్రబడింది. "నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశావన్నమాట!" అన్నాడు. ఇదివరకటి రోజులైతే ఆ ఒక్క మాటకి ఆమె వారం రోజులు కుంగిపోయేది, సంజాయిషీలు చెప్పుకునేది. ఇప్పుడు చూస్తే, చెప్పుకోవడానికి ఏమీ కనబడలేదు.

"ఉన్నదే రాశానండీ. తొమ్మిదో తేదీ సోమవారం నుంచి శని, ఆదివారాలు పోను రోజుకో ఇల్లు. పొద్దున్నే ఏడింటికి బయల్దేరాలి, వాళ్ళు గిన్నెలు సర్దే టైముకి నేను అక్కడుండాలి."

"మరి నా కంట్లో చుక్కలో?" అంది అత్తగారు, అద్దాలు ఇటు తిప్పి.

"పొద్దున్నవి మీ అబ్బాయి వేస్తారు అత్తయ్యా. కింది రెప్ప లాగి ఒక్క చుక్క, అంతే. రేపూ ఎల్లుండీ పక్కనుండి నేర్పిస్తాను."

"వాడా! వాడికి చేతులు వణుకుతాయే!"

"నాలుగు రోజులు వణుకుతాయి. తర్వాత అలవాటవుతుంది."

లోపల్నుంచి కూతురు నవ్వు వినబడింది. అత్తగారు "సరే, వెయ్యరా నాయనా, గుడ్డిదాన్ని చెయ్యకుండా వెయ్యి" అంది కొడుకుతో. ఆయన దిద్దుతున్న పేపర్లు ఒకదానిమీద ఒకటి సర్దాడు, మళ్ళీ విడదీశాడు. అరుద్దామా వద్దా అని చూస్తున్నట్టుంది. ఎదురుగా ఆమె మొహం చూస్తే అరిచినా ఉపయోగం ఉండేలా లేదు. ఏడుపు లేదు, కోపం లేదు, బతిమాలడం అసలే లేదు. ఎక్కడో సెలవుకెళ్ళొచ్చిన మనిషిలా కూర్చుని ఉంది.

"సరేలే, మొదలుపెట్టావు కాబట్టి ఈ ఇళ్ళ గొడవేదో చూసుకో" అన్నాడు చివరికి, తగ్గి. "మరి నెలాఖరు సంగతేమిటి? మనం అనుకున్నది..."

"నెలాఖరుకి పదహారో ఇంట్లో ఉంటానండీ" అందామె.